నిన్నటి అంకె గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. తమరెప్పుడూ క్షేమమే, మా బాధంతా అదే. ట్యాంకు ఎండిపోయినా, మేడ మీద సెన్సర్‌కి కరెంటు పోయినా, వైఫై పడిపోయినా తమరి ముఖంలో ఇసుమంత తేడా కనపడదు. లిఫ్టు పక్కన చిన్న తెర మీద ట్యాంకులో నీళ్ళు 64 శాతం అంటే 64 శాతమే. సోమవారం అదే, మంగళవారం అదే. ఆఫీసులకు పోయేవాళ్ళు లిఫ్టు దగ్గర ఆగి తమరిని చూసి, నీళ్ళకు లోటు లేదనుకుని వెళ్ళిపోతారు. సాయంత్రం ఇంటికొచ్చి కుళాయి తిప్పితే బుసబుసమని గాలి వస్తుంది.

మీరు తప్పు అంకె కాదు. తప్పు అంకెలతో మాకు పెద్ద పేచీ లేదు, వాటిని పట్టుకోవడం తేలిక. మీరు ఒకప్పుడు నిజమైన అంకె. ఆ పాత పరపతి మీద ఇంకా బతుకుతున్నారు. వాట్సాప్ గ్రూపులో నలుగురం గొణుక్కుంటే తేలే వ్యవహారం కాదని ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను.

మిమ్మల్ని ఎరగని పాఠకులకు ముందు మీ ఊరూ పేరూ చెప్పాలి. మా హైదరాబాద్ హఫీజ్‌పేట్‌లో, ఆ మాటకొస్తే కొండాపూర్ నుంచి మియాపూర్ దాకా, ఏ అపార్టుమెంటులో చూసినా సోల్డరింగ్ పిచ్చి ఉన్న మనిషి ఒకరుంటారు. పగలు మాదాపూర్‌లో ఎవరిదో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తారు, రాత్రి ఇంట్లో చిన్న చిన్న బోర్డులకు వైర్లు అతికిస్తారు. మా పై అంతస్తులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడిదీ అదే పిచ్చి. కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి సామాను తెచ్చుకున్నాడు. ఈఎస్‌పీ8266 అనే వైఫై బోర్డులు రెండు. అంగుళం కూడా లేని ఓఎల్ఈడీ తెర ఒకటి. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు, అంతే దాని ప్రపంచం. నీళ్ళలో తడిసినా తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి. కార్ల వెనుక బంపర్‌లో గుండ్రంగా కనిపిస్తాయే, ఆ రకం.

సెన్సర్‌ను ఓవర్‌హెడ్ ట్యాంకు మూత లోపలి వైపు బిగించాడు. అది చెవికి వినపడని చప్పుడు ఒకటి కిందికి పంపుతుంది, నీటికి తగిలి తిరిగి వచ్చేదాకా పట్టిన సమయం లెక్కిస్తుంది. చప్పుడు సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలిసిపోతుంది. మేడ మీది బోర్డు ఆ లెక్కను వైఫైలో కిందికి పంపితే, లిఫ్టు పక్కన ఉన్న రెండో బోర్డు అందుకుని తెర మీద శాతంగా రాస్తుంది. పనిచేసినన్నాళ్ళూ ముచ్చటగా పనిచేసింది. అసోసియేషన్ మీటింగులో కుర్రాడికి చప్పట్లు కూడా కొట్టారు.

ఆ తర్వాత పైన మెట్లగదిలో అడాప్టర్ కాలిపోయింది. సెన్సర్ ఆగిపోయింది. ఆ క్షణాన తెర మీద ఉన్న నిజమైన 64 కాస్తా మీరుగా మారారు. ఎవరికీ తెలియదు. తెలిసే మార్గమే లేదు.

నీళ్ళు పోయిన రోజు వాచ్‌మన్‌ను పిలిచి మోటర్ ఎందుకు వేయలేదని అడిగారు. "గీడ 64 సూపెడ్తుంది గద సార్. నీళ్ళున్నయ్ గదా అని ఎయ్యలే" అన్నాడు. అతణ్ణి తప్పుపట్టినవాళ్ళు ఉన్నారు గానీ, నేను పట్టను. తెర పెట్టకముందు అతను పొద్దున్నే మేడెక్కి సింటెక్స్ ట్యాంకులను వేళ్ళ కణుపులతో తట్టుకుంటూ పోయేవాడు. ఖాళీ ఉన్నంత మేర ఒక చప్పుడు, నీళ్ళున్న చోట మరో చప్పుడు. చప్పుడు ఎక్కడ మారిందో అక్కడ చెయ్యి పెట్టి, ఇంకెన్ని గంటలు వస్తాయో చెప్పేవాడు. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదని నేననను. కానీ ఆ చప్పుడు ఆ ఉదయం చప్పుడే, మొన్నటిది కాదు. తెర వచ్చాక మేడెక్కొద్దని మేమే చెప్పాం. మోకాళ్ళ నొప్పుల మనిషి, పాపం, సంతోషించాడు. మీరు చేసిన నష్టాల్లో నీటి సంగతి చిన్నది. వెళ్ళి చూసే అలవాటును మాన్పించారు, అది పెద్దది.

నీటి సంగతీ మరీ చిన్నదేం కాదు. మా వైపు మంజీరా నీళ్ళు రోజూ రావు. వేసవి ముదిరితే బోర్లలో నీళ్ళు అడుగంటుతాయి. 2024 వేసవిలో ఐటీ కారిడార్ అపార్టుమెంట్లు ట్యాంకర్ల కోసం ఎలా పడిగాపులు పడ్డాయో ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ట్యాంకర్ బుక్ చేస్తే వచ్చేది ఎప్పుడో దేవుడికే తెలిసే రోజుల్లో, ట్యాంకు ఎంత ఉందన్న మాట ముందుగా తెలియడమే సగం నీళ్ళు. ఆ మాటలో మీరు దూరారు.

మీ జాతిలో మర్యాదస్తులు లేకపోలేదు. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది. కరెంటు ఇచ్చి, అది ఇంకా కొలవకముందే అడిగితే 85 డిగ్రీలు అంటుంది. దాని వైరు ఊడిపోతే, ఇలాంటి బోర్డులకు ప్రోగ్రాములు రాసే ఆర్డుయినోలో ఎక్కువమంది వాడే లైబ్రరీ మైనస్ 127 అని చెబుతుంది. గదిలో వేడి, తేమ కొలిచే డీహెచ్‌టీ22 జవాబు ఇవ్వకపోతే తెర మీద 'నాన్' అని వస్తుంది. ఇది అంకె కాదు అని దాని భావం. ఇవన్నీ చూడటానికి వెర్రిగా ఉంటాయి. ఉండనీయండి. హఫీజ్‌పేట్‌లో మైనస్ 127 చూసి శాలువా కోసం పరిగెత్తినవాడు ఒక్కడూ లేడు. చూసిన ప్రతివాడూ వైరు సరిచేశాడు.

2018 ఫిబ్రవరిలో మన తెలుగు 'జ్ఞా' కూడా ఇలాంటి గొడవే తెచ్చింది. ఆ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే ఐఫోన్‌లో మెసేజీ యాప్‌లు కుప్పకూలేవి. ప్రపంచమంతా తెలుగు అక్షరం పేరు మోగింది, ఆపిల్ కంపెనీ ఐఓఎస్ 11.2.6 పంపి సర్దుకుంది. పరువు తక్కువ వ్యవహారమే, కానీ లోపం దాక్కోలేదు గనక వారాల్లో తీరింది. మీరైతే కుప్పకూలరు. గొడవ చేయరు. ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడతారు.

మీరు ఎలా పుడతారో మాకు అర్థమైంది. ఒక పద్ధతిలో మీరు మంచి ఉద్దేశానికి పుట్టిన బిడ్డ. కుర్రాడు మొదట రాసిన ప్రోగ్రాములో సెన్సర్ పలకకపోతే సున్నా వచ్చేది. చప్పుడు తిరిగి రాకపోతే ఆర్డుయినో ఇచ్చే జవాబు అదే, సున్నా. దూరం సున్నా అంటే నీళ్ళు మూత దాకా వచ్చాయని లెక్క, కాబట్టి ట్యాంకు 100 శాతం నిండినట్టు తెర మీద తళుక్కుమనేది. మూత లోపల ఆవిరి చెమటలా పట్టి, బొట్లు సెన్సర్ ముఖం మీద నిలిచినప్పుడల్లా ఇదే తంతు. జనం నవ్వారు. కుర్రాడు నొచ్చుకుని ఒక వరుస చేర్చాడు: చెడ్డ రీడింగ్ వస్తే పాతదే ఉంచు. ఈ వరుస రాయని ప్రోగ్రామరు అరుదు. తెర గెంతులు మానేసింది, చూడటానికి పెద్దమనిషి తరహాగా కుదురుకుంది. ఆ వరుసలోనే మీరు పుట్టారు. ఒక్క రీడింగ్ చెడితే పాతది ఉంచడం సబబే. వరసగా వెయ్యి చెడినా పాతదే ఉంచితే దాన్ని ఏమనాలి?

పుట్టాక మీకు ఉండటానికి ఎన్ని ఇళ్ళో! ఆ బుల్లి తెరనే తీసుకోండి. దాని వెనక ఎస్ఎస్‌డీ1306 అనే చిప్ ఉంటుంది, దానికి సొంత జ్ఞాపకం ఒక కిలోబైటు ఉంటుంది. 128ని 64తో గుణించి ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా అంతే వస్తుంది. బొమ్మ ఒకసారి అందులో పడిందంటే చిప్ దాన్నే తిప్పి తిప్పి చూపిస్తూ ఉంటుంది. పక్కన ఉన్న బోర్డు స్తంభించినా దానికి పట్టదు. అంటే మేడ మీది సెన్సర్ పోయినా మీరు ఉంటారు, కింది బోర్డు పోయినా మీరు ఉంటారు. నెలల తరబడి ఒకే చోట కూర్చుంటే ఆ చుక్కలు అరిగి, తెర మీద అంకె మారినా మీ మచ్చ మిగులుతుంది. ఈ-పేపర్ తెరలైతే మీకు స్వర్గమే. పూర్తిగా కరెంటు తీసేసినా ఆఖరి బొమ్మ అలాగే ఉంటుంది, పుస్తకంలో అచ్చేసినట్టు స్పష్టంగా. అవి బ్యాటరీ తక్కువ తింటాయని ఇప్పుడు అందరూ వాటి వెంట పడుతున్నారు. మీ వంశం వర్ధిల్లుతుంది.

రెండో ఇల్లు ఎమ్‌క్యూటీటీ. ఇళ్ళలో సెన్సర్లూ తెరలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడే పద్ధతి అది. 1999లో ఐబీఎమ్‌కు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆయనతో ఆర్లెన్ నిప్పర్, చమురు పైపులైన్ల సంగతులు శాటిలైట్ ద్వారా చౌకగా పంపడానికి తయారుచేశారు. మధ్యలో బ్రోకర్ అని ఒకటి ఉంటుంది. సెన్సర్ దానికి చెబుతుంది, అది తెరకు చెబుతుంది. బ్రోకర్‌కు ఒక సదుపాయం ఉంది, ఆఖరి మాటను దాచిపెట్టి, కొత్తగా వచ్చినవాళ్ళకు వెంటనే వినిపించడం. తెర ఆపి మళ్ళీ వేసినా ఖాళీగా కనపడకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు. మంచిదే. కానీ ఆ మాట ఎప్పటిదో దాంతోపాటు చెప్పదు. అనుమానం వచ్చి మేం తెర ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టామనుకోండి, బ్రోకర్ మిమ్మల్నే తాజాగా వడ్డిస్తుంది. అనుమానం తీరిపోతుంది. మీరు గెలిచినట్టే.

2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎన్నో ఇళ్ళలో ఉంది. అందులో ఎమ్‌క్యూటీటీ సెన్సర్‌కు గడువు పెట్టే వీలుంది. ఫలానా సమయం దాకా కొత్త రీడింగ్ రాకపోతే అంకె తీసేసి 'అన్‌అవైలబుల్' అంటుంది. మనం చెబితేనే సుమా. చెప్పకపోతే ఆ గడువు సున్నా, అంటే ఎన్నటికీ తీరదు. మీకు శాశ్వత నివాస హక్కు రాసిచ్చి, వద్దనుకున్నవాళ్ళు అర్జీ పెట్టుకోండన్నట్టు ఉంది. ఇది తలకిందుల న్యాయం అని నా అభిప్రాయం.

మీ పెద్ద నేరం ఇంకొకటి ఉంది. మా మూడో అంతస్తులో ఒక అమ్మగారు ఒంటరిగా ఉంటారు, భీమవరం మనిషి. అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. ఈ చుట్టుపక్కల అలాంటి ఇళ్ళు కొల్లలు. పోయినసారి వచ్చినప్పుడు తల్లి గదిలో ఉష్ణోగ్రత చూసే సెన్సర్ పెట్టి, మంచం పక్కన ఒక చిన్న తెరా, తన ఫోన్‌లో అదే అంకే కనిపించేలా ఏర్పాటు చేసి వెళ్ళాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం వాళ్ళిద్దరి మాటలు నా ముందే జరిగాయి.

"అమ్మా, 27 డిగ్రీలుంది, ఏసీ వేసుకున్నావుగా. హాయిగా పడుకో."

"ఏసీ ఏంట్రా నాన్నా, తెల్లారగట్ల నుంచీ కరెంటు లేదు. ఒళ్ళంతా ఉడికిపోతోంది."

"మరి 27 అని చూపిస్తోందే!"

"దాన్నే అడుగు. నన్నెందుకు అడుగుతావ్?"

అమ్మగారు ఇన్వర్టర్ మీద ఫ్యాను వేసుకున్నారు గనక సరిపోయింది. వైఫై రూటర్‌కు మాత్రం ఇన్వర్టర్ లైను లేదు. సెన్సర్ తన పని తాను చేసుకుంటూనే ఉంది, దాని మాట గడప దాటలేదు. దాటినట్టు మీరు నటించారు. తెలియదని చెప్పి ఉంటే ఆ అబ్బాయి గాభరాపడి తెల్లవారుజామునే ఫోన్ చేసేవాడు. తల్లి గురించి కొడుకు గాభరాపడవలసిన చోట మీరు జోకొట్టారు.

మీకు పెద్ద పెద్ద ఆఫీసుల అండ కూడా ఉంది. అమెరికా విదేశాంగ శాఖ తన రాయబార కార్యాలయాల్లో గాలి కాలుష్యం కొలిచే యంత్రాలు పెట్టి, ఆ రీడింగులు లోకానికి ఇచ్చేది. మన దేశంలో అవి ఉన్న ఐదు ఊళ్ళలో హైదరాబాద్ ఒకటి. కాన్సులేట్ మొదట బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. 2025 మార్చిలో నిధులు లేవంటూ ఆ రీడింగులు పంచుకోవడం ఆపేశారు. ఆపామని చెప్పి ఆపారు, పత్రికల్లో వచ్చింది. కానీ ఆ అంకెను తెచ్చుకుని ఇంట్లో చూపించే ఒక బుల్లి తెర ఉందనుకోండి, అది పత్రిక చదవదు. గడువు పెట్టని తెర అయితే మార్చి మొదటి వారపు గాలినే దీపావళి దాకా చూపిస్తుంది, టపాకాయల పొగలో కూడా.

ఇదంతా కొత్త సమస్యేమీ కాదు, అదే విచిత్రం. మా హఫీజ్‌పేట్ స్టేషన్‌కు రండి, చూపిస్తాను. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం కాలంలో, 1874లో తెరిచిన లైను అది; 2003 నుంచి దాని మీద ఎంఎంటీఎస్ లోకల్ రైలు తిరుగుతోంది. లైను ఖాళీగా ఉందా లేదా అన్నది సిగ్నల్‌కు ఎలా తెలియాలి? విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1872లో దానికి ఒక ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు, ట్రాక్ సర్క్యూట్. పట్టాల్లోకి ఒక కొస నుంచి చిన్న కరెంటు పంపుతారు, రెండో కొసన రిలే ఉంటుంది. కరెంటు అందినంతసేపు రిలే లేచి ఉంటుంది, లైను ఖాళీ అని లెక్క. రైలు వచ్చి చక్రాలు పట్టాల మీద పడగానే కరెంటు వాటి గుండా మళ్ళిపోయి, రిలే పడిపోయి, సిగ్నల్ ఎర్రబడుతుంది.

ఇందులో అసలు తెలివి రైలు రానప్పుడు కనిపిస్తుంది. బ్యాటరీ అయిపోయిందా, రిలే పడిపోతుంది. వైరు తెగిందా, పడిపోతుంది. పట్టా విరిగిందా, పడిపోతుంది. ఏ కారణంగా కబురు ఆగినా జవాబు ఒక్కటే, ఎరుపు. పచ్చదీపం వెలగాలంటే ఎవరో ఒకరు ప్రతిక్షణం 'నేనున్నాను, లైను ఖాళీ' అని చెబుతూ ఉండాలి. చెప్పడం ఆగిన క్షణాన పచ్చదీపానికి హక్కు పోతుంది. ఈ నియమం నేర్పే బడి మనకు ఎంతో దూరంలో లేదు. సికింద్రాబాద్ తార్నాకలో ఇరిసెట్ 1957 నుంచి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు పాఠాలు చెబుతోంది. విమానాల కాక్‌పిట్‌లోనూ అంతే. పాతకాలపు డయళ్ళలో కూడా పరికరానికి శక్తి ఆగిపోతే ఒక ఎర్ర రేకు జారి ముల్లుకు అడ్డం పడేది, దీన్ని నమ్మొద్దు అని. 19వ శతాబ్దంలో రైల్వే వాళ్ళకు తట్టిన సంగతి, సైబరాబాద్ నడిబొడ్డున మన చేత్తో చేసుకున్న తెరకు తట్టలేదు.

తట్టకపోతే ఏమవుతుందో పెద్ద ఎత్తున చూసినవాళ్ళున్నారు. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం వాల్వు నిజంగా మూసుకుందా అని చూసేది కాదు, మూసుకోమని ఆజ్ఞ వెళ్ళిందా అనే చూసేది. ఆపరేటర్లు రెండు గంటలకు పైగా దీపాన్ని నమ్మారు, అంతసేపూ లోపలి నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి.

అంత దూరం వద్దు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ ట్యాంకు నుంచి విషవాయువు లేచి 12 మంది చనిపోయారు. ఆ దుర్ఘటనకు కారణాలు చాలా ఉన్నాయని విచారణ కమిటీ రాసింది, వాటిలో ఒకటి ఈ ఉత్తరానికి సంబంధించింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగుభాగానే ఉంది. పైభాగాన స్టైరీన్ వేడెక్కుతూ ఉంటే ఆ సంగతి చెప్పేది ఏదీ లేదు. అక్కడి అంకె పాతది కాదు, చోటు తప్పినది, అందుకని మిమ్మల్ని ఆ నేరంలో ఇరికించను. కానీ అంకె ఎక్కడిది, ఎప్పటిది అని అడగని చోటే మీరూ మీ దాయాదులూ బలుస్తారు.

మామిడి తోరణం కూడా మీకంటే నయం. పండగ వెళ్ళిన మర్నాటికి వాడుతుంది, వారానికి గోధుమరంగుకు తిరుగుతుంది, నెలకు గలగలమంటుంది. ఎప్పటిదో గడపలో అడుగుపెట్టినవాడికి అడక్కుండానే తెలుస్తుంది. మీరు వాడరు. మా గొడవ అంతా అక్కడే. అందుకే మిమ్మల్ని బలవంతంగా వాడిపోయేలా చేయాలని మా అసోసియేషన్‌లో ప్రతిపాదన పెట్టాం.

మీ తరఫున వాదించినవాళ్ళు లేకపోలేదు. ప్రెసిడెంటు గారు పెద్ద మనిషి, రిటైర్డ్ ఆడిటరు. అంకె రానప్పుడు రెండు అడ్డగీతలు చూపిద్దామంటే ఒప్పుకోలేదు.

"గీతలు కనిపిస్తే డబ్బా పాడైపోయిందనుకుంటారండీ జనం."

"పాడైపోయింది కాబట్టే కదండీ సార్ గీతలు."

"అది నిజమే గానీ, ఇన్ని డబ్బులు పెట్టి గీతలు చూడటం ఏం బాగుంటుంది?"

ఈ మాట తేలిగ్గా కొట్టేయకండి. మీ బలమంతా ఇందులోనే ఉంది. తెర ఖాళీగా ఉంటే తయారుచేసినవాడికి చిన్నతనం, కొన్నవాడికి నష్టం, చూసేవాడికి చిరాకు. అంకె కనిపిస్తే అందరూ సుఖం. మీరు అందరి మొహమాటం మీద బతుకుతున్నారు. ఆడిటరు గారిని చివరికి ఆయన భాషలోనే ఒప్పించాం: పోయిన ఏడాది బ్యాలెన్స్ షీటు మీద తారీఖు చెరిపేసి ఈ ఏడాది అతికిస్తే సంతకం పెడతారా అని అడిగాం. పెట్టనన్నారు. ఆ మీటింగులోనే గీతలు పాసయ్యాయి.

ఇప్పుడు మీకు విధించిన ఆంక్షలు వినండి. శాతం కింద చిన్న అక్షరాల్లో ఆ రీడింగ్ వయసు ఉంటుంది, 'ఇప్పుడే' అనో '12 ని. క్రితం' అనో. అరగంట దాటితే అంకె పోయి గీతలు వస్తాయి. మా ట్యాంకు పొద్దుటి పూట గంటలో సగం దిగిపోగలదు కాబట్టి అరగంట పెట్టాం. అన్నిటికీ ఒకే గడువు పనికిరాదు. కుండీలో మట్టి తేమ రోజంతా మారకపోయినా వింతేం లేదు, ఫ్రిజ్ లోపలి వేడి గంటల తరబడి కబురు లేకపోతే పాలు విరిగేదాకా పోవచ్చు. కొన్ని బ్యాటరీ సెన్సర్లు మరీ పొదుపరులు, మార్పు వస్తేనే నోరు విప్పుతాయి. అలాంటివాటి మౌనానికి రెండు అర్థాలు. మార్పు లేదనీ కావచ్చు, చచ్చిపోయిందనీ కావచ్చు. మార్పు ఉన్నా లేకపోయినా ఇంత సేపటికోసారి పలకాలని వాటికి చెప్పి తీరాలి, లేకపోతే గడువు పెట్టీ లాభం లేదు.

బ్రోకర్‌తో కూడా ఒప్పందం మార్చాం. ఎమ్‌క్యూటీటీలో సెన్సర్ కలిసేటప్పుడే ఒక మాట రాసి ఇచ్చిపెట్టవచ్చు: నేను చెప్పకుండా మాయమైతే అందరికీ ఇది వినిపించు అని. బ్రోకర్ కొంతసేపు పలకరింపు కోసం చూసి, రాకపోతే ఆ మాట చదివేస్తుంది. ఈ సదుపాయం ఇప్పటిదేమీ కాదు, వాడకుండా వదిలేశాం. దీనితోనే సరిపోదు కూడా. బోర్డు బతికి ఉండి సెన్సర్ వైరు మాత్రం ఊడితే బ్రోకర్‌కు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందుకని కుర్రాడి ప్రోగ్రాములో మీరు పుట్టిన వరుస మార్చాం: చెడ్డ రీడింగ్ వరసగా కొన్నిసార్లు వస్తే పాతది పంపొద్దు, చెడిందనే పంపు. ఇక తెర మూలన ఒక చుక్క. కొత్త రీడింగ్ అందినప్పుడల్లా ఒకసారి మినుకుమంటుంది. కింది బోర్డు స్తంభిస్తే గీతలు గీయడానికి కూడా ఎవరూ ఉండరు కదా, అప్పుడు ఆ చుక్క కదలకపోవడమే గుర్తు. వాచ్‌మన్‌కు మిగతా లెక్కలన్నీ చెప్పలేదు. "చుక్క కొట్టుకోకుంటే మేడెక్కాలె, గంతే గదా సార్" అని అతనే తేల్చాడు.

ఈ మొత్తానికి అయిన ఖర్చు కుర్రాడి ఒక సాయంత్రం, పైన మార్చిన అడాప్టర్. మిమ్మల్ని భరించడానికి అయిన ఖర్చు ఒక్క రోజులో తెప్పించిన ట్యాంకర్ల బిల్లు చూస్తే తెలుస్తుంది. మూడో అంతస్తు అమ్మగారి అబ్బాయికి కూడా కబురు పెట్టాం. టెక్సస్ నుంచే అతను తన అంకెకు గడువు పెట్టుకున్నాడు, రూటర్‌ను ఇన్వర్టర్ లైనులోకి మార్పించాడు.

మీకు ఇది అంతం కాదని తెలుసు. ఈ కారిడార్‌లో ఇంకా ఎన్ని లిఫ్టుల పక్కన, ఎన్ని వంటగదుల్లో, ఎన్ని మంచాల పక్కన కూర్చున్నారో. కాబట్టి ఇక మీతో కాదు, పాఠకులతో ఒక మాట. మీ ఇంట్లో ఇలాంటి తెర ఉంటే ఈ రాత్రే సెన్సర్ ప్లగ్గు పీకి, ఒక గంట ఆగి, తెర చూడండి. గంటకోసారి పలికే సెన్సర్ అయితే తెల్లారాక చూడండి. వయసు చూపించినా, గీతలు పడినా, ఖాళీ అయినా సరే, దాన్ని నమ్మవచ్చు. అంకె చెక్కుచెదరకుండా నిలబడి ఉంటే, ప్రోగ్రాము మార్చేదాకా ఆ తెర తీసి సొరుగులో పెట్టండి.

ఇట్లు,
హఫీజ్‌పేట్ నివాసి ఒకరు